వెళ్లిన సంగతి బ్యాంకుకి చెప్పారా?



ఖరగ్‌పూర్‌లో తెలుగువాడి జీతం ఎప్పుడూ రెండు ఊళ్లకి లెక్క చెప్పుకునేది. ఒకటి ఈ ఊరు, రెండోది శ్రీకాకుళం జిల్లాలోనో విజయనగరం పక్కనో ఉన్న సొంతూరు. ఇప్పుడు మూడో ఊరు కూడా వచ్చి చేరింది. అది దుబాయ్ కావచ్చు, డల్లాస్ కావచ్చు. పిల్లలు అక్కడుంటారు. పెన్షన్ తీసుకునే అమ్మానాన్నలు ఇక్కడుంటారు. రెండెకరాల పొలం టెక్కలి దగ్గరెక్కడో ఉంటుంది. ఈ మూడు ఊళ్ల మధ్య డబ్బు తిరిగేటప్పుడు బ్యాంకు ఏం అడుగుతుంది, పన్నుల శాఖ ఏం అడుగుతుంది అన్నదే ఇవాళ్టి ప్రసంగం. నేను రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరయినవాణ్ణి. వకీలునీ కాను, ఆడిటర్నీ కాను. ఫారాలు పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లని కూర్చోబెట్టి, చదివి, అర్థమయ్యేలా చెబుతుంటాను. ఆ పాటి అనుభవంతోనే మాట్లాడుతున్నాను.

మనవాళ్లు ఇక్కడికి రావడం రైలుతోనే మొదలైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. మన తీరం వెంబడి వేసిన ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తర భాగం 1902లో ఆ బీఎన్నార్ చేతికొచ్చింది. అక్కణ్ణించి పలాసలోనో నౌపడలోనో రైలెక్కినవాడికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు దగ్గరైపోయింది. ఒకడొచ్చి కుదురుకుంటే వెనకాల బావమరిది వచ్చేవాడు, ఆ వెనక మేనల్లుడు. 1927లో వర్క్‌షాపులో పెద్ద సమ్మె జరిగింది. అప్పుడు బీఎన్నార్ కార్మికులకి అండగా నిలిచినవాళ్లలో బరంపురం నుంచి వచ్చిన వి.వి. గిరి గారున్నారు. ఆయన రాష్ట్రపతి కావడం చాలా తర్వాతి సంగతి. నిమ్‌పురాలో, మథురాకాటిలో, గోల్‌బజారులో ఇవాళ్టికీ తెలుగులో బేరమాడొచ్చు.

ఆ రోజుల్లో ఈ ఊరి డబ్బు సొంతూరికి వెళ్లే దారి మనియార్డరు. ఇరవై రూపాయలకి రూపాయి కమీషను, అంటే నూటికి ఐదు. ఇప్పుడు అంత తీసుకుంటానంటే ఏ బ్యాంకునీ గడప తొక్కనివ్వం. కానీ ఆ మనియార్డరు ఫారానికి అడుగున ఒక చిన్న కూపను ఉండేది, సందేశం రాసుకోవడానికి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద జాగా. అందులో మావాళ్లు ఇలా ఇరికించేవారు: వంద పంపుతున్నాను, ఎనభై ఇంటికి, ఇరవై శిస్తుకి, దూడని అమ్మొద్దు, దసరాకి పాసు దొరికితే వస్తాను. పోస్టుమాను డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఆ కూపను చింపి చేతికిచ్చేవాడు. చదువురాని ముసలమ్మకి చదివి వినిపించేవాడు కూడా. ఎవరు పంపారు, ఎంత పంపారు, ఎందుకు పంపారు అన్నది ఆ ముక్క మీద ఉండేది. నాలుగు లక్షలు క్షణంలో వచ్చి పడే ఈ రోజుల్లో ఆ మూడో సంగతే ఎక్కడా రాసి ఉండటం లేదు. మూడేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే అప్పా, కానుకా, ఇల్లు కట్టడానికి ఇచ్చిందా అని ఇంట్లోవాళ్లే తడుముకుంటారు.

జీతంలో కోతలు మా ఊరివాళ్లకి కొత్త కాదు. పీఎఫ్, క్వార్టరు అద్దె, కరెంటు, సహకార సంఘం అప్పు. ఆ సంఘాన్ని రైల్వేవాళ్లు ‘అర్బన్ బ్యాంకు’ అనే అంటారు. ఆడపిల్ల పెళ్లికి అక్కడ అప్పు తీసుకోని ఇల్లు తక్కువ. వీటితోపాటు పే స్లిప్పులో పీ-ట్యాక్స్ అని ఒక గడి ఉంటుంది. అది వృత్తి పన్ను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైనా ఈ పన్ను మాత్రం మనం పనిచేసే రాష్ట్రానికే వెళుతుంది. పశ్చిమ బెంగాల్‌లో ఈ చట్టం 1979 నాటిది. ఏ రాష్ట్రమూ ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలకి మించి తీసుకోకూడదని రాజ్యాంగమే గిరి గీసింది. నెలకి 22 వేలు జీతమున్నవాడు బెంగాల్‌లో 130 రూపాయలు కడతాడు. అదే జీతానికి ఆంధ్రప్రదేశ్‌లో 200. జీతం 40 వేలు దాటిందంటే రెండు చోట్లా 200. విశాఖకి బదిలీ అయినవాళ్లు ఆ డెబ్బై రూపాయల తేడా చూసి ఎవరో తప్పుగా కోసేశారని నా దగ్గరికొచ్చేవారు.

ఇది చిన్న సంగతే. కానీ దీంతో మనవాళ్లకి ఒక అలవాటు పడిపోయింది. రాష్ట్రం మారితే పన్ను మారేది ఆ కాస్తే. ఆదాయపు పన్ను శ్రీకాకుళంలో ఉన్నా ఒకటే, ఖరగ్‌పూర్‌లో ఉన్నా ఒకటే. పాన్ అదే, ఖాతా అదే. ఊరు మారామని బ్యాంకుకి చెప్పకపోయినా ఏ నష్టమూ జరగలేదు. అందుకే పిల్లాడు హ్యూస్టన్ వెళ్లినా, రియాద్ వెళ్లినా అదే పద్ధతి నడుస్తోంది. వీసా వచ్చిందని వీధంతా స్వీట్లు పంచుతాం, ఊళ్లో అమ్మవారికి మొక్కు చెల్లిస్తాం, దూరపు చుట్టాలకి కూడా ఫోన్లు చేసి చెబుతాం. బ్యాంకుకి మాత్రం చెప్పం.

చెప్పాలి. ఉద్యోగానికని దేశం దాటినవాడు విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా లెక్కలో బయల్దేరిన రోజునుంచే ప్రవాసి. ఇది 1999 నాటి చట్టం, 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రవాసి అయినవాడు ఇక్కడ మామూలు సేవింగ్స్ ఖాతా నడపకూడదు. ఆ ఖాతాని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. కొత్త ఖాతా తెరవాల్సిన పని లేదు, ఉన్నదాని హోదా మారుతుంది, అంతే. ఇక్కడి అద్దె, ఇక్కడి డిపాజిట్ల వడ్డీ, పొలం కౌలు అందులో పడతాయి. విదేశంలో సంపాదించింది పంపుకోవడానికి వేరే ఖాతా ఉంది, ఎన్‌ఆర్‌ఈ. అందులోంచి డబ్బు ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ బయటికి తీసుకెళ్లొచ్చు. దాని వడ్డీ మీద భారతదేశంలో పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద పన్ను ఉంది, అందులో డబ్బు బయటికి పంపడానికి ఏడాదికి పది లక్షల డాలర్ల హద్దూ ఉంది, చాలాసార్లు ఆడిటరు సర్టిఫికెట్టూ కావాలి.

“అలా మారిస్తే ఫోన్‌లో డబ్బు కట్టడం ఆగిపోతుంది మావయ్యా” అని కుర్రాళ్లు భయపడతారు. ఒకప్పుడు అది నిజమే. 2023 నుంచి అమెరికా, సౌదీ, ఎమిరేట్స్, సింగపూర్, బ్రిటన్ లాంటి పది దేశాల ఫోన్ నంబర్లతో కూడా ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి యూపీఐ పెట్టుకునే వీలు కల్పించారు. మీ బ్యాంకు ఇస్తోందో లేదో కనుక్కోండి.

కుర్రాళ్లు పైకి చెప్పని అసలు భయం కోత గురించి. ఇక్కడున్న మామూలు మనిషికి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితేనే టీడీఎస్, అంటే ముందే పన్ను కోయడం, అదీ పది శాతం. అరవై నిండినవాళ్లకి ఆ హద్దు లక్ష. ఇవి 2025 ఏప్రిల్ నుంచి ఉన్న అంకెలు. ఎన్‌ఆర్‌ఓలో అలాంటి హద్దేమీ లేదు. మొదటి రూపాయి వడ్డీ నుంచే 30 శాతం, దాని మీద సెస్సు, కలిపి 31.2 శాతం కోసేస్తారు. ఇది విన్నాక ‘చెప్పకపోతేనే మేలు’ అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ కోసింది మొత్తం పోయినట్టు కాదు. నిజంగా కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను వేసి మిగతాది వెనక్కి తెచ్చుకోవచ్చు. అమెరికాలో పన్ను కట్టేవాళ్లయితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం వడ్డీ మీద 15 శాతమే కోయమని బ్యాంకుని అడగొచ్చు. దానికి అక్కడి పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి.

నేను ఎక్కువసార్లు చూసేది ఇంకో వ్యవహారం. కొడుకు దేశం దాటి ఏళ్లయింది. ఖాతా ఇంకా మామూలు ఖాతానే. ఏప్రిల్ రాగానే తండ్రి బ్యాంకుకి వెళ్లి, వడ్డీలో పన్ను కోయొద్దని కొడుకు పేరున 15జీ ఫారం ఇచ్చేస్తాడు. అరవై నిండినవాళ్లకి ఉండే 15హెచ్ తనకోసం ఎలాగూ ఇవ్వాలి కదా, పనిలో పని. ఆ ఫారంలో ‘నేను భారతదేశంలో నివాసిని’ అన్న మాట ఉంటుంది. ప్రవాసి ఆ ఫారం ఇవ్వడానికి వీల్లేదు. తండ్రి చేసింది ప్రేమతోనే, కానీ కాగితం మీద అది తప్పుడు ప్రకటన.

పోయిన చలికాలంలో మా వీధిలో ఒక పెద్దాయన కూతురితో ఫోన్‌లో మాట్లాడుతూ నన్ను పిలిచి స్పీకరు పెట్టారు. ఆయన ఫిట్టరుగా చేరి చార్జిమన్‌గా దిగిపోయిన మనిషి. కూతురు టెక్సస్‌లో ఉంది.

“నాన్నా, గేట్‌బజారు బ్రాంచిలో ఎఫ్‌డీలు ఎవరి పేరు మీదున్నాయి?”

“నీ పేరు మీదేనమ్మా, నాది రెండో పేరు. నీ పెళ్లి నాడు వేసినవి. ముట్టుకోలేదు.”

“మరి నీ సేవింగ్స్‌లో?”

“అందులో నీదే రెండో పేరు. రేపు నాకేదైనా అయితే మీ అమ్మ తిరగలేదని పెట్టాను.”

అవతల కాసేపు మాట లేదు. ఆ అమ్మాయి అప్పుడే అక్కడి ఆడిటరు దగ్గర్నుంచి వచ్చిందట. అమెరికాలో నివాసులకి ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా పన్నుకిందకి వస్తుంది. ఇక్కడి ఎఫ్‌డీ వడ్డీ అక్కడ చూపాలి. ఇక్కడ పన్ను కోసి ఉంటే దాన్ని అక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ ఇక్కడ పన్ను లేనిదైనా అక్కడ పన్ను పడేదే. ‘పన్ను లేని ఖాతా’ అని బ్యాంకువాళ్లు అన్న మాటలో ‘భారతదేశంలో’ అన్న ముక్క మనవాళ్ల చెవిన పడదు. ఆ తేడా తెలియక అమెరికాలో ఏళ్లతరబడి వడ్డీ చూపించనివాళ్లు కోకొల్లలు.

ఇక ఖాతాల జాబితా. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక ఇవ్వాలి. గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబరు 15 దాకా పొడుగుతుంది. అది పన్ను కాదు, సమాచారం మాత్రమే. కానీ ఇవ్వకపోతే జరిమానా పది వేల డాలర్లు కూడా దాటొచ్చు. ఇందులో మెలిక ఏమిటంటే, డబ్బు తనది కాకపోయినా సంతకం చేసే హక్కుంటే ఆ ఖాతా కూడా జాబితాలోకి వస్తుంది. అంటే ఆ పెద్దాయన జీవితకాలపు పొదుపు కూతురి నివేదికలో ఉండాలి. దాచినా దాగదు. 2015 జూలైలో భారత్, అమెరికా మధ్య ఫాట్కా ఒప్పందం కుదిరింది. దాని కింద ఇక్కడి బ్యాంకులు అమెరికా నివాసుల ఖాతాల వివరాలు అక్కడికి చేరవేస్తాయి.

కూతురి పేరు ఎందుకు పెట్టారు? తన తర్వాత డబ్బు చిక్కుల్లో పడకూడదని. దానికి ఉమ్మడి ఖాతా అక్కర్లేదు, నామినీ చాలు. నామినీకి ఆయన బతికుండగా ఏ హక్కూ ఉండదు, కాబట్టి ఆ నివేదికా అక్కర్లేదు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకి నలుగురు నామినీలని కూడా పెట్టుకోవచ్చు, ఎవరికెంత వాటానో రాసి. ఆయన మర్నాడే బ్రాంచికి వెళ్లి కూతుర్ని నామినీగా రాయించుకొచ్చారు. ఉమ్మడి పేరు తీయించడానికి మాత్రం కూతురి సంతకం కావాలన్నారు. అది కొరియర్‌లో వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అన్నట్టు, అమెరికాలో ఉన్నవాళ్లు ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసేముందు అక్కడి ఆడిటర్ని ఒకమాట అడగండి. వాటికి అక్కడ వేరే కఠినమైన లెక్క ఉంది, ఫీజులే లాభాన్ని తినేస్తాయి.

గల్ఫ్ దారి వేరు. వర్క్‌షాపులో అప్రెంటిస్ చేసి వెల్డింగో మెషినింగో నేర్చుకుని అటు వెళ్లినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఎమిరేట్స్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి వాళ్ల ఎన్‌ఆర్‌ఈ వడ్డీ రెండు చోట్లా నిశ్చింత. వాళ్లు చూసుకోవాల్సింది రోజుల లెక్క. ఫెమా బయల్దేరిన రోజు చూస్తే, ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి లోపు 182 రోజులు ఇక్కడ ఉంటే నివాసే. సెలవుకొచ్చే భారత పౌరులకి ఇక్కడి ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటితే, 120 రోజులకే ఆ ప్రశ్న మొదలవుతుంది. వెల్డరుకి ఇక్కడ 15 లక్షల ఆదాయం ఎక్కడిది, అది ఆయన బెంగ కాదు. కానీ కాంట్రాక్టు ముగిసి ఆగస్టులో వచ్చేసినవాడికి ఆ ఏడాది 182 దాటిపోతుంది. వెళ్లేటప్పుడు బ్యాంకుకి చెప్పనివాడు తిరిగొచ్చాకా చెప్పడు. తిరిగొచ్చినవాడి ఎన్‌ఆర్‌ఈ ఖాతాని మళ్లీ మామూలు ఖాతా చేయించాలి.

మా ఊరికే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది, చిరునామా. పిల్లలు క్వార్టర్సులో పుట్టి పెరిగారు. పాన్ కార్డు, మొదటి ఖాతా, ఎఫ్‌డీ రసీదు, అన్నిటి మీదా యూనిట్ నంబరు, క్వార్టర్ నంబరే. నాన్న రిటైరయితే మామూలు అద్దె మీద నాలుగు నెలలు, రెట్టింపు మీద ఇంకో నాలుగు నెలలు ఉండనిస్తారు. ఆ తర్వాత తాళాలు ఇచ్చేయాలి. కుటుంబం తాల్‌బాగిచాలో కట్టుకున్న ఇంటికో, సొంతూరికో మారుతుంది. బ్యాంకు ఉత్తరాలు, పన్ను నోటీసులు మాత్రం పాత క్వార్టరుకే వెళుతుంటాయి. అక్కడ ఇప్పుడు ఎవరో ఝార్ఖండ్ కుర్రాడు ఉంటాడు. మంచివాడైతే ఆ ఉత్తరాలు గుమ్మం పక్కన దాచి పెడతాడు. నోటీసుకి జవాబివ్వడానికి ఇచ్చిన గడువు ఆ గుమ్మం పక్కనే అయిపోతుంది. అందుకే పన్ను పోర్టల్‌లో ఈమెయిలు, ఫోను విదేశంవి పెట్టుకుని, హోదా ‘నాన్ రెసిడెంట్’ అని మార్చుకోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఆధార్‌తో జోడించలేదని పాన్ చెల్లకుండా పోయి లబోదిబోమన్న ప్రవాసులు కొందరు హోదా మార్చనివాళ్లే.

ఫారాల భాష గురించీ ఒక మాట అనాలి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషల్లో చోటిచ్చింది. దానికి కారణం ఈ ఊరే అనుకోవచ్చు. సంతోషించాం. కానీ బ్యాంకు కౌంటరు దగ్గర ఫారం ఇంగ్లీషులో, హిందీలో, బెంగాలీలోనే ఉంటుంది. యాభై ఏళ్లు ఇక్కడ కాపురం చేసి మూడు భాషలు గలగలా మాట్లాడే అమ్మ, ఆ మూడిట్లో ఏదీ చదవలేదు. దారంతో కట్టిన పెన్నుతో, క్లర్కు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేస్తుంది. ఆ ఫారంలో హోదా గడి దగ్గర ‘రెసిడెంట్’ అని ముందే టిక్కు పడి ఉంటుంది. సంతకానికి ముందు ఆ ఒక్క గడి చూడమని పిల్లలు ఫోన్‌లో చెప్పగలిగితే సగం గొడవలుండవు.

పెద్ద డబ్బు చేతులు మారేది ఇల్లు అమ్మినప్పుడు. తల్లిదండ్రులు పోయాక ఖరగ్‌పూర్ ఇల్లు అన్నకీ చెల్లికీ చెరిసగం వచ్చిందనుకోండి. అన్న ఇక్కడే, చెల్లి విదేశంలో. ఒక్కొక్కరి వాటా 40 లక్షలకి అమ్ముడైంది. అన్న వాటా మీద కొనేవాడు కోయాల్సింది 40 వేలు. ఎందుకంటే ఇంటి ధర మొత్తం 80 లక్షలు, అది 50 లక్షలు దాటింది గనక నూటికి ఒకటి. చెల్లి వాటా దగ్గర లెక్క మారిపోతుంది. రెండేళ్లకి మించి ఉన్న ఆస్తికి 12.5 శాతం, సెస్సు కలిపితే 5 లక్షల 20 వేలు. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. అసలు లాభం అంత లేదని ముందే పన్ను శాఖకి అర్జీ పెట్టి తక్కువ కోతకి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే ఆ మేరకే కోస్తారు. ఆ సర్టిఫికెట్టు రావడానికి వారాలు పడుతుంది, బయానా తీసుకున్న రోజే అర్జీ పెట్టాలి. కొనేవాడికి ఈ సంగతి తెలియక రిజిస్ట్రేషన్ చేయించేసుకుంటే, కోయని పన్నుకి జవాబు చెప్పాల్సింది కొన్నవాడే. అందుకే అమ్మేవాళ్లలో ప్రవాసి ఉన్నారని మొదటి బేరంలోనే చెప్పడం మర్యాద.

చెల్లి రాలేకపోతే అన్నకి పవర్ ఆఫ్ అటార్నీ పంపుతుంది. అది అక్కడి కాన్సులేట్‌లోనో, నోటరీ దగ్గర చేయించి అపోస్టిల్ ముద్ర వేయించో పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. బీరువాలో దాచి ఆర్నెల్ల తర్వాత తీస్తే చిక్కే. ఇక టెక్కలి దగ్గరి పొలం. ప్రవాసికి అది వారసత్వంగా రావచ్చు, ఉంచుకోవచ్చు, ఇక్కడ నివాసముండే భారత పౌరుడికి అమ్మొచ్చు. కానీ పక్కన ఇంకో అరెకరం కొనడానికి వీల్లేదు. ‘గట్టు కలుస్తుంది కదా, అబ్బాయి పేరునే తీసేసుకుందాం’ అనే తండ్రులకి ఇది నచ్చదు. తండ్రి పేరున కొనుక్కోండి.

నెలనెలా వచ్చే డబ్బు గురించి మాత్రం భయపడక్కర్లేదు. కొడుకో కూతురో తల్లిదండ్రులకి పంపింది ఎంతైనా ఇక్కడ పన్ను లేదు. దాన్ని తండ్రి తన పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ తండ్రి ఆదాయం, అంతవరకే. అమెరికాలో ఉన్నవాళ్లు ఏడాదిలో ఒక్కొక్కరికి 19 వేల డాలర్లు మించి ఇస్తే అక్కడ ఒక ఫారం వేయాలి. ఇది 2025 అంకె. ఫారం వేసినంత మాత్రాన సాధారణంగా పన్ను పడదు. 2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి బయటికి పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను పెట్టారని చాలామంది కంగారుపడ్డారు. అది నోట్లు కౌంటరులో కట్టి, లేదా అక్కడి మనియార్డరు లాంటివాటితో పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. పంపేటప్పుడు ఎందుకోసమో అడిగే గడిలో ‘కుటుంబ పోషణ’ అనో ‘కానుక’ అనో నిజం రాయండి. పాత కూపను చేసిన పనే అది.

ఇంకొక హెచ్చరిక. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఫారాల నంబర్లు, సెక్షన్ల నంబర్లు మారుతున్నాయి. నేను 15హెచ్ అన్నది రేపు మీ బ్రాంచిలో ఇంకో నంబరుతో ఉండొచ్చు. నంబరు కంటే ఆ ఫారం చేసే పని గుర్తుపెట్టుకుని అడగండి.

చివరగా, పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దవాళ్ల సంగతి. మనవడు పుట్టాడని ఒక ఏడు, బారసాలయ్యాక చలికి ఆగలేక వచ్చేసి, మళ్లీ మరుసటి ఏడు. అమెరికా పన్ను లెక్కలో ఈ ఏడాది ఉన్న రోజులు పూర్తిగా, పోయిన ఏడాదివి మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు కలుపుతారు. మొత్తం 183 అయితే అక్కడి పన్ను నివాసి. ఏటా నాలుగు నెలలు, అంటే 120 రోజులు ఉంటే 120, 40, 20 కలిపి 180, బయటపడ్డారు. ఏటా 122 రోజులుంటే సరిగ్గా 183. అలా చిక్కుకున్న అమ్మమ్మకి ఇక్కడొచ్చే ఎఫ్‌డీ వడ్డీ కూడా అమెరికా లెక్కలోకి వస్తుంది. ఆ ఏడాదిలో 183 రోజులు నిండకుండా, ఇల్లూ వాకిలీ ఖరగ్‌పూర్‌లోనే ఉన్నవాళ్లకి మినహాయింపుంది. 8840 అనే ఫారం నింపి, అక్కడ జీతమేదీ లేనివాళ్లు తర్వాతి ఏడాది జూన్ 15లోగా పంపాలి. పాస్‌పోర్టు మీద ముద్రల తేదీలు ఒక డైరీలో రాసి పెట్టుకుంటే అది నింపడం పది నిమిషాల పని.

నవంబరులో అక్కడే ఉంటే పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి పరుగెత్తుకు రానక్కర్లేదు. ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇవ్వొచ్చు, కాన్సులేట్‌లో కూడా ఇవ్వొచ్చు. ఎనభై దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే తీసుకుంటారు. బయల్దేరే ముందు మీ పెన్షన్ ఖాతాకి, ఆధార్‌కి ఒకే ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆ నంబరు సిమ్ కార్డు రీచార్జి అయిపోయి మూగబోకుండా ఇక్కడున్న ఎవరికైనా అప్పజెప్పి వెళ్లండి.